దిగినవాళ్లు

సిరిని వ్యాన్‌లోంచి దించేసింది ఆ ముసలాయనే.

ఆళ్లగడ్డలో పుల్లయ్య టిఫిన్ హోటల్ ముందు బడి వ్యాన్ ఆగి ఉంది. పిల్లలంతా బెలుం గుహలు చూడ్డానికి బయల్దేరారు. పుల్లయ్య మనవరాలు సిరి కొత్త గౌను వేసుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ముసలాయన తింటున్న ఉగ్గాని వదిలేసి లేచాడు. వంగి వ్యాన్ వెనక టైర్లు తడిమి చూశాడు. తర్వాత లోపలికెక్కి, సిరి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చేశాడు.

"టైర్లు అరిగిపోయినాయి పుల్లయ్యా. పాపను పంపొద్దు."

సిరి బోరుమంది. డ్రైవరు దిగొచ్చాడు.

"ఏందప్పా, పిల్లను గుంజుతాండావ్?"

"అందర్నీ దించు నాయనా. టైర్లు మార్చుకుని రేపు పోండి. ఒక్క పూట ఆగితే ఏం పోతాది?"

ఆయన పాప చెయ్యి వదల్లేదు.

టీచరమ్మ పొద్దెక్కుతోందని విసుక్కుంది. వ్యాన్ వెళ్లిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి పుల్లయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి, ముసలాయన పక్కన సిరి ఒక్కతే రోడ్డు మీద మిగిలి ఏడుస్తోంది.

సాయంత్రం వ్యాన్ క్షేమంగా తిరిగొచ్చింది. పిల్లలు పాటలు పాడుకుంటూ దిగారు.

పుల్లయ్యకు ఒళ్లు మండిపోయింది.

ఆ ముసలాయన పేరు లక్ష్మీనరసింహం. మద్రాసులో ఏదో ఉద్యోగం చేసి రిటైరై నంద్యాలలో ఉంటున్నాడని తప్ప, పుల్లయ్యకు ఇంకేమీ తెలియదు. ప్రతి శనివారం నంద్యాల బస్సులో వచ్చేవాడు. టిఫిన్ తినేవాడు. "ఇంట్లో అంతా బాగున్నారా? పిల్లలు బాగున్నారా?" అని అడిగి వెళ్లిపోయేవాడు.

పుల్లయ్య కబుర్లు ఓపిగ్గా వినేది కూడా ఆయనే. పుల్లయ్య దగ్గర ఉన్న పెద్ద కబురు ఒక్కటే, ఓడది. వయసులో ఉన్నప్పుడు సరుకుల ఓడలో వంటవాడిగా చేశాడు.

"అది ముసలి ఓడ సార్. ఇన్సూరెన్సు ఆఫీసరు వచ్చి చూసి, ఇది సముద్రంలో నిలవదు, దీనికి ఇన్సూరెన్సు నేను చెయ్యనన్నాడంట. ఓనరు ఇంకో కంపెనీని పట్టుకున్నాడు. ఆ ఆఫీసరు ఊరుకుంటేనా? వానలో తడుస్తా హార్బరులో నిలబడి, దిగండి నాయనా దిగండి అని ఒకటే అరుపులంట. నేను వంటింట్లో ఉంటి, ఆయన మొగం గూడా చూడలే. ఎవురో వచ్చి చెప్తే మూట కట్టుకుని వెనకపక్క నుంచి దిగేస్తి. ఆ ఓడ మళ్లా రాలేదు సార్. ఆయన యాడున్నాడో తెలిస్తే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుందును."

ముసలాయన తల వంచుకుని వినేవాడు.

తర్వాతి శనివారం మామూలుగానే వచ్చి కూర్చున్నాడు.

"పాప బాగుందా పుల్లయ్యా?"

"నీ మూలాన ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినాయి. బాగుండక ఏం జేస్తాది?"

"ఏడిస్తే ఏడ్చిందిలే. బాగుంది గదా."

ఆ మాటతో పుల్లయ్య ఓర్పు పోయింది.

"పెద్దాయనా, ఇంక నా హోటలుకు రావొద్దు. శుభమా అని పోతాంటే అడ్డం పడే మనిషి నాకొద్దు."

తింటున్నవాళ్లు తలలెత్తి చూశారు. ముసలాయన మెల్లగా లేచి, బస్టాండు వైపు నడిచాడు.

మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు సిరి కోపం మరిచిపోయింది. "శనివారం తాత రాడేం అబ్బా?" అని పుల్లయ్యను అడగడం మొదలుపెట్టింది. పుల్లయ్యకు కూడా ఆ కుర్చీ చూస్తే ఏదోలా ఉండేది. వస్తే ఈసారి తానే పలకరిద్దామనుకున్నాడు.

చివరికి నంద్యాల బస్సు కండక్టర్ని అడిగాడు.

"ఆ పెద్దాయన పోయినాడు గదన్నా. పోయిన వారమే."

పుల్లయ్య పొయ్యి ఆర్పేసి అదే బస్సు ఎక్కాడు.

నంద్యాలలో ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నమైంది. ఆయన భార్య జానకమ్మ ఒక్కతే ఉంది. ముందుగదిలో ముసలాయన ఫొటోకు తాజా పూలదండ. ఆ పక్కనే వెలిసిపోయిన ఇంకో ఫొటో. తెల్ల యూనిఫారంలో ఒక కుర్రవాడు. దానికీ దండ ఉంది.

పుల్లయ్య ఆ రెండో ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, ఈయన మా ఓడలో ఉండిన చిన్న ఇంజనీరు గదా. దేవనాథ్ సారు. డ్యూటీ దిగితానే నా దగ్గరికొచ్చి టీ పెట్టించుకునేవాడు. ఈ ఫొటో ఈడ ఎందుకుంది?"

జానకమ్మ పుల్లయ్యను పరకాయించి చూసింది.

"నీవు ఆళ్లగడ్డ పుల్లయ్యవా?"

"అవునమ్మా."

"వాడు మా కొడుకు నాయనా."

పుల్లయ్య ఒక ఫొటో మీంచి ఇంకో ఫొటో మీదికి చూశాడు.

"మా ఆయన శనివారం శనివారం నీ కోసమే వచ్చేది. ఆ ఓడ దిగినవాళ్లలో మాకు దగ్గర్లో ఉండేది నీవొక్కడివే. నిన్నూ నీ పిల్లల్నీ చూసొచ్చిన రోజే ఇంత అన్నం కడుపు నిండా తినేవారు."

"అయితే ఆ ఇన్సూరెన్సు ఆఫీసరు..."

"ఆయనే."

పుల్లయ్య ముసలాయన ఫొటో ముందుకు పోయి చేతులు జోడించాడు.

"ఒక్క మాట నాతో చెప్పింటే ఏమమ్మా?"

"నేనూ చెప్పమంటి. చెప్తే వాడు నాకు మొక్కుతాడు జానకీ, నేను మొక్కించుకునేదానికి పోతాండానా అనేవారు."

ఆమె కొంగుతో కొడుకు ఫొటో మీద దుమ్ము తుడిచింది.

"ఆ పొద్దు ఆయన అరుపులు విని మీరు దిగొచ్చినారు నాయనా," అంది, "నలుగురిలో పరువు తీసినాడని వాళ్ల నాయన మీద అలిగి, వీడు మాత్రం దిగలేదు."