రెండో వరుస

కూర్చోమన్నా ఉలమిలా కూర్చోలేదు. కందావు దీవి నుంచి ఓడలో వచ్చి, ఫిజీ రాజధాని సువా రేవులో దిగి, వానలో తడుస్తూ నేరుగా ఆఫీసుకే వచ్చింది. ఒక చేతిలో బన్నుల బుట్ట. ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన తిమింగలం పన్ను.

"నెతానీ వాళ్ళమ్మని. నాకు ఒక్క మాట చెప్పండి చాలు. తప్పు నా కొడుకుదేనా?"

గదిలో ఇద్దరే ఉన్నారు. ప్రోగ్రాములు రాసే ఇసోవా, అతని పైఅధికారి శలేష్ని. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తుఫాను వస్తోందంటే దీవుల్లోని ఊళ్ళకు ఫోన్లో హెచ్చరిక పంపే ప్రోగ్రాము నెతానీ రాసిందే. జనవరిలో అతని సొంత ఊరికే హెచ్చరిక అందలేదు. ఊరి పెద్ద ఫోన్ నంబరు మార్చుకున్నాడు. ఆ సంగతి ఆఫీసుకు ముందే చెప్పాడు కూడా. అయినా హెచ్చరిక పాత నంబరుకే వెళ్ళింది. చేపల కోసం వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. నలుగురు పోయారు. మూడు నెలలు తిరక్కుండా నెతానీ కూడా పోయాడు. తిండి మానేసి, దిగులుతో చిక్కి, ఒక రోజు పొద్దున ఇక లేవలేదు. పాతిపెట్టిన రోజు ఆ నాలుగిళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు.

"తప్పు వాడిదే అయితే ఆ నాలుగు గడపలకూ నేనే వెళ్ళాలి," అంది ఉలమిలా. "వెళ్ళడానికి ఇంట్లో మగదిక్కు లేదు. మోకాళ్ళ మీద కూచుని, మన ఆచారం ప్రకారం ఈ తిమింగలం పన్ను వాళ్ళ ముందు పెట్టి, మీవాళ్ళు నా కొడుకు వల్ల పోయారు, క్షమించండి అనాలి. అంటాను, నాకేం సిగ్గు లేదు. కానీ నిజం తెలియకుండా కన్నకొడుకు మీద ఆ మాట ఎలా అనను?"

ఇసోవా లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"ఇదేనా వాడు కూచునేది?"

"ఇదేనమ్మా."

అప్పుడు కూర్చుంది. కుర్చీ చేతులను నిమిరింది, పసివాడి వీపు నిమిరినట్టు. చూడబుద్ధి కాక శలేష్ని కిటికీ వైపు తిరిగింది.

నెతానీ రాసిన ప్రతి వరుసా ఇసోవాకు కంఠతా వచ్చు. ఆమె అడిగేది ఏ వరుస గురించో కూడా తెలుసు. దాన్ని తెర మీదికి తెచ్చాడు.

"అమ్మా, మా పనిలో ఒక చిక్కుంది. ఒకసారి తయారైన వివరాన్ని మళ్ళీ దిద్దడం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"మీ బన్నులే చూడండి. కాల్చాక చక్కెర తక్కువైందని కలపగలరా?"

"నా చేతిలో చక్కెర ఎప్పుడు తక్కువైంది?"

అంత దుఃఖంలోనూ అనేసింది. ఇసోవా నవ్వబోయి ఆగాడు.

"అయిందనుకోండి. ఇంకో బన్ను కాల్చాలి. బుట్టలోంచి పాతది తీసేసి, ఆ చోట కొత్తది పెట్టాలి. బుట్టలో ఏముందో మార్చగలం గాని, బన్నును మార్చలేం. ఊరి పెద్ద నంబరైనా అంతే. కొత్త నంబరుతో కొత్త వివరం తయారు చేయాలి. దాన్ని జాబితాలో పాతదాని చోట పెట్టాలి. పెట్టకపోతే జాబితాలో పాతదే ఉండిపోతుంది."

ఉలమిలా బుట్టలోకి చూసింది.

"అంటే, నా కొడుకు కొత్త బన్ను కాల్చి పొయ్యి దగ్గరే వదిలేశాడు."

చదువుకున్నవాళ్ళకే ఈ సంగతి బుర్రకెక్కడానికి రోజులు పడుతుంది. ఆ తల్లికి నిమిషం పట్టలేదు. పాపం, అర్థం కాకపోయినా బాగుండేది.

"కాదమ్మా," అన్నాడు ఇసోవా.

శలేష్ని ఇటు తిరిగింది.

"ఇక్కడ రెండు వరుసలు ఉండేవి. ఇదిగో, ఇది మొదటిది. కొత్త వివరం తయారు చేస్తుంది. దీని కింద రెండోది, దాన్ని జాబితాలో పెట్టేది. నెతానీ రెండూ రాశాడు. రెండోది అనవసరం అనుకుని నేనే తీసేశాను."

"ఇసోవా," అంది శలేష్ని.

"చెప్పనీ అక్కా."

ఉలమిలా తెర వైపే చూస్తూ ఉండిపోయింది. అందులో ఆమెకు ఒక్క అక్షరం కూడా తెలియదు.

"అయితే నా కొడుకు కాదు."

"కాదమ్మా."

ఏడ్చింది. కొడుకును పాతిపెట్టిన రోజు కూడా అంతలా ఏడ్చి ఉండదు. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"వాడు తిండి మానేసినప్పుడు చూస్తూ ఊరుకున్నావన్నమాట. తప్పు నాదిరా అని ఒక్క మాట అని ఉంటే నా బిడ్డ బతికేవాడు. నీకూ తల్లి ఉందా?"

"ఉందమ్మా."

"ఆమె మొహం ఎలా చూస్తావో చూసుకో."

ఇసోవా తల దించుకున్నాడు. ఉలమిలా బుట్టలోంచి ఒక బన్ను తీసి శలేష్ని చేతిలో పెట్టింది. అతనికి పెట్టలేదు.

"శనివారం మా ఊరికి రా. క్షమాపణకి నీ తిమింగలం పన్ను నువ్వే తెచ్చుకో. ఆ నాలుగు గడపలూ నేనే చూపిస్తాను."

"వస్తానమ్మా."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. శలేష్ని కిటికీలోంచి చూసింది. వాన ఆగలేదు గాని, ఉలమిలా తల ఎత్తుకునే నడుస్తోంది.

"మతి పోయిందా నీకు? నలుగుర్ని పోగొట్టుకున్న ఊరు అది. నిన్నేం చేస్తారో ఆలోచించావా?"

"తిడతారు. కొడితే కొడతారు. ఆమె ఇంక కొడుకు సమాధి దగ్గర కూచోగలదు కదక్కా."

శలేష్ని బన్ను విరిచి సగం అతని ముందు పెట్టింది.

నెతానీ పోయి అప్పటికి రెండు నెలలు. అతని ఖాళీలోకి ఇసోవా ఆ ఆఫీసుకు వచ్చి ఇరవై మూడు రోజులు.