ముందు కదిలిన గట్టు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఇప్పుడు ప్రతి ఇంటి గోడా పొద్దున్నే నేల కబుర్లు చెబుతుంది. పోలమ్మ నెత్తళ్ల చేపలు ఎండబోస్తూ వింటోంది.

"మన అండమాన్ సముద్రం గోరు పెరిగినంత మెల్లగా వెడల్పవుతోందమ్మా. ఒకప్పుడు ఈ గట్టూ, అవతలి మలేషియా గట్టూ ఒకటే నేల."

మలేషియాలో ఆమె చెల్లెలు ఎర్రమ్మ ఉంది. తండ్రి వలలు పంచుకునేటప్పుడు మాటా మాటా పెరిగి, ఏళ్లుగా ఇద్దరికీ పలకరింపుల్లేవు.

పోలమ్మ చేతులు ఆగాయి. "మరి ముందు ఏ గట్టు ఎల్లిపోనాదే?"

"ఏదీ కాదమ్మా. నడుమ నేలే సాగి సాగి, పలచబడి చిట్లింది."

పోలమ్మ ఉప్పు చేతులు చీరకు తుడుచుకుని, "ఎర్రమ్మకి ఫోను కలుపు" అనబోయింది. ఈలోగా గోడే మోగింది.

"అప్పా," అంది అవతల ఎర్రమ్మ గొంతు, "మీ గోడ కూడా ఈయాల ఇదే సెప్పిందా?"