చించని పేజీ

కూతురి డైరీని పోలీసులు తీసుకెళ్లిన రోజు టీచరమ్మ ఆ ఖాళీ సొరుగును మూయలేదు.

మూడు నెలల తర్వాత ఆ డైరీ కోర్టు నకళ్ల గదిలో కనిపించింది.

ముసలి గుమాస్తా దాన్ని ముందు పెట్టుకుని, నకలు కాగితాల్లో కూతురి పేరు వచ్చిన చోటల్లా నల్ల సిరా పూస్తున్నాడు.

"ఇంకా ఎంతమంది చదువుతారు దీన్ని?" అంది ఆమె గుమ్మంలోంచే.

"నాలుగు పేజీలే అమ్మా. జడ్జిగారు అవే అవతలి వకీలుకు ఇమ్మన్నారు. మిగతావాటికి సీలు వేసేశాను. నేనూ చూడలేదు."

"మా గుమాస్తాగారు పేరు కనబడితే కాటుక పెట్టకుండా వదలరండీ," అంది పక్క బల్ల దగ్గరి టైపిస్టు, నవ్వించాలని.

టీచరమ్మ నవ్వలేదు. బల్ల మీదికి వంగి చూసింది.

మూడో పేజీ. కూతురి మీద ఆ అఘాయిత్యం జరగడానికి నెల ముందు రాసింది. ఆఫీసులో తనతో పనిచేసే అతనంటే ఇష్టం కలుగుతోందని కూతురు రాసుకున్న పేజీ. అతనే ఇప్పుడు ముద్దాయి.

"ఈ ఒక్కటీ చించెయ్యండి బాబుగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇది వాడి వకీలు చేతిలో పడితే నా పిల్లకు నోరు పెగలదు."

"చించనమ్మా. అతనికీ తన మాట చెప్పుకునే హక్కుంది."

"వాడికి హక్కా? మీకూ ఓ ఆడపిల్ల ఉంటే తెలిసేది."

గుమాస్తా కలం ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"పేరు మాత్రం బయటికి పోదు తల్లీ. అది నా పూచీ."

తలుపులు మూసి విచారణ జరిపారు. ముద్దాయి వకీలు మూడో పేజీ చదివాడు.

కూతురు తల దించుకుంది. తర్వాత తలెత్తింది.

"అవునండీ, ఇష్టమే. అందుకే నమ్మి వెళ్లాను. వద్దని మూడుసార్లు చెప్పాను."

అతనికి శిక్ష పడింది. అప్పీలు చేసిన పై కోర్టులో ఆ వకీలు ఎంత వెతికినా, జడ్జిగారు ఇమ్మన్నవాటిలో తనకు అందకుండా దాచిన కాగితం ఒక్కటీ దొరకలేదు. శిక్ష నిలిచింది. ఆ అమ్మాయి ఎవరో వీధిలో ఎవరికీ తెలియలేదు.

డైరీ తీసుకెళ్లమని కోర్టు నుంచి కబురొచ్చింది. గుమాస్తా కుర్చీలో టైపిస్టు కూర్చుని ఉంది.

"ఆయన లేరా?"

"పోయిన నెల కాలం చేశారండీ."

టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది. "ఆ రోజు ఆయన్ని ఒక మాట అన్నాను."

"విన్నానండీ." టైపిస్టు సీలు వేసిన పొట్లం అందించింది. "ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లదీ ఇలాంటి కేసే. పరువు పోతుందని ఆ పిల్ల డైరీలో ఒక పేజీ ఈయనే చించి దాచారు. దాచిన సంగతి బయటపడి పై కోర్టు ఆ ముద్దాయిని వదిలేసింది. ఆ తర్వాత ఆ పిల్ల తండ్రితో మాట్లాడలేదు."

టీచరమ్మ ఇంటికొచ్చి, డైరీని సొరుగులో పెట్టి మూసింది.

ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ మిగిలిపోయింది.