ఒక్కరోజూ మానని పిల్ల

కాన్వెంటు స్కూలు గ్రౌండులో షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. ఓ పిల్ల వెతుక్కుని వెతుక్కుని ఆఖరి వరసలో, ఐస్‌క్రీం బండి పక్కన కూర్చుంది. ఏప్రిల్ ఉక్కపోతకి జనం విసనకర్రలు దొరక్క ప్రోగ్రాం కాగితాలతో విసురుకుంటుంటే, తను మాత్రం చున్నీని ముక్కు దాకా చుట్టుకుంది.

"ఊపిరాడుతోందా అమ్మాయ్?" అంది పక్క కుర్చీలో ఉన్న సుబ్బరత్నమ్మ. ఆవిడ మనవడికి డ్రాయింగులో ప్రైజొచ్చింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంగతి చెబుతోంది.

మామిడికాయలు కోస్తుంటే జీడి చింది బుగ్గ పొక్కిందని చెప్పింది చున్నీ పిల్ల. నూజివీడు చుట్టుపక్కల ఈ రోజుల్లో అంతకు మించిన కారణం ఎవరికీ అక్కర్లేదు. సుబ్బరత్నమ్మ కొబ్బరినూనె రాయమని వైద్యం చెప్పి, మళ్ళీ మనవడి దగ్గరికి వచ్చేసింది.

"యోగిత, నైన్త్ క్లాస్" అని మైకులో పిలిచింది అహల్య టీచర్.

రెండు జడలు, నీలం రిబ్బన్లు, ఇస్త్రీ చేసిన యూనిఫాం. స్టేజీ ఎక్కిన పిల్లని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. చున్నీ పిల్ల అందరికంటే గట్టిగా కొట్టింది.

అహల్య టీచర్‌కి మైకు దొరికితే ఒక పట్టాన వదలదు. యోగిత బస్టాండు చలివేంద్రంలో నీళ్ళు పోసిందట. సిస్టర్లు నడిపే అనాథల ఇంటికి వెళ్ళి చిన్నపిల్లలకి తలలు దువ్విందట. పరుగు పందెంలో ఫస్టు. పాటల పోటీలో ఫస్టు. నిన్న చెప్పిన పాఠాన్ని ఇవాళ వచ్చి మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకుంటుందట, అంత శ్రద్ధట.

"అన్నిటికంటే గొప్ప విషయం ఏంటంటే, ఆరో తరగతిలో చేరిన దగ్గర్నుంచీ ఒక్కరోజు కూడా స్కూలు మానలేదు. వాళ్ళమ్మకి నడుం ఆపరేషన్ జరిగిన రోజున కూడా ఫస్ట్ బెల్లుకే వచ్చి కూర్చుంది" అంది టీచర్.

తల్లిదండ్రులు తమ తమ పిల్లల వైపు గుర్రుగా చూశారు.

పరుగు పందెం కప్పు ఇస్తుంటే వెనక వరసలో చున్నీ పిల్లకి అరికాలు చురుక్కుమంది. పగిలిన బొబ్బ ఇంకా ఆరలేదు.

"ఆ పిల్ల నీకేమవుతుంది?" అని అడిగింది సుబ్బరత్నమ్మ, ఆ చప్పట్లు చూసి.

"మా ఇంటి పిల్లేనండి."

"మరి నువ్వు చదువుకోవట్లేదా?"

"మా ఇంట్లో ఒక్కరికే కుదిరిందండి."

అది నిజమే. విస్సన్నపేట వైపు మామిడితోటకి కాపలా ఉండే తిరుపతిరావుకి ఇద్దరు ఆడపిల్లలు. కాయలు దించుతూ ట్రాక్టరు మీంచి పడి భార్య మంచం పట్టింది. ఆమెని పక్కకి తిప్పాలన్నా, గుక్కెడు నీళ్ళు పట్టాలన్నా ఎవరో ఒకరు ఉండాలి. ఇద్దరిలో ఒక్కరినే బడికి పంపగలనన్నాడు తిరుపతిరావు. పెద్దది యోగిత కాబట్టి ఆ పేరే రాయించాడు. పిల్లలిద్దరూ మోటారు షెడ్డు వెనక కూర్చుని ఏడ్చి, ఆఖరికి తమలో తామే సర్దుకున్నారు. ఇవాళంటే పొరుగింటి గోవిందమ్మని బతిమాలి మంచం దగ్గర కూర్చోబెట్టి వచ్చింది గానీ, చున్నీ పిల్లకి ఇలాంటి వేడుక జనంలో కూర్చుని చూడటం ఇదే మొదలు.

విజయవాడ నుంచి ముఖ్య అతిథిగా వచ్చిన ఫాదర్ రాయప్ప లేచి మైకు అందుకున్నారు. ఇలాంటి పిల్లని వదులుకోకూడదన్నారు. టెన్త్‌కి తమ హాస్టల్లో చేర్చుకుంటామని, ఇంటరు కూడా తమ బాధ్యతేనని చెప్పారు. క్లాసులు రేపటి నుంచే. వ్యాన్ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. బట్టలూ పుస్తకాలూ అక్కడే ఇస్తారు. వాళ్ళ నాన్న కూడా ఇందాకే ఫోన్లో సరేనన్నాడు.

షామియానా అంతా చప్పట్లతో దద్దరిల్లింది. చున్నీ పిల్ల చేతులు మాత్రం ఆగిపోయాయి. హాస్టలంటే ఇక రాకపోకలుండవు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే, ఉన్నవాళ్ళు ఉన్నట్టే.

స్టేజీ మీద పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. జనంలో వెతికి వెతికి, ఆఖరి వరసలో చున్నీని పట్టుకున్నాయి దాని కళ్ళు.

చున్నీ పిల్లకి లేచి నిలబడాలనిపించింది. నిలబడి ఏమని చెప్పాలి? ఒక్క మాట బయటికొస్తే ఆ కప్పులు పోతాయి, ఆ సీటూ పోతుంది. ఇద్దరికీ ఏమీ మిగలదు. ఏమీ చెయ్యలేక కుర్చీ అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

"రేపొస్తాను ఫాదర్" అంది స్టేజీ మీద పిల్ల.

జనం నవ్వారు. ఫాదర్ కూడా నవ్వారు.

"రేపైనా వచ్చేది నువ్వేగా తల్లీ. ఇవాళే పద."

"రేపొస్తానండి" అంది మళ్ళీ. ఈసారి కప్పుని పొదువుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

తల్లి మీద బెంగ అనుకున్నారందరూ. సిస్టర్ దాని భుజం చుట్టూ చెయ్యేసి మెట్లు దింపి గేటు వైపు నడిపించింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది. చున్నీ పిల్ల వెళ్ళమన్నట్టు తలూపింది.

"ఏడుస్తావెందుకమ్మా, ఆ యోగిత దశ తిరిగింది" అని ఓదార్చింది సుబ్బరత్నమ్మ.

వంతు ప్రకారం ఇవాళ బడికొచ్చింది కవల చెల్లెలు అన్విత కాబట్టి, యోగిత చున్నీని మొహం మీదికి ఇంకాస్త లాక్కుని, తన పేరు వ్యానెక్కి గేటు దాటేదాకా చప్పట్లు కొడుతూనే ఉంది.