నాలుగో లైసెన్సు

డెబోరాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. డ్రాలో భర్త పేరు రావడం. పేరొచ్చిందంటే రాబర్ట్ పది రోజులు ఇంట్లో ఉండడు. జ్వరమొస్తే ఫిట్స్ వచ్చే నాలుగేళ్ల పిల్లతో ఆమె ఒక్కతే ఉండాలి. ఆమెకు కారు నడపడం రాదు. అంబులెన్సుకు ఫోన్ చేసి అడ్రసు చెప్పాలన్నా ఇంగ్లీషు నోట్లోనే ఆగిపోతుంది.

ములింగార్ అవతల చిన్న హాల్లో విలువిద్య క్లబ్బు మీటింగు అప్పటికే గొడవలో పడింది. ఐర్లండులో బాణంతో వేట నిషేధం. అందుకే క్లబ్బువాళ్లు ఏటా సెప్టెంబరులో హంగరీ అడవికి వెళతారు. అక్కడ మగదుప్పిని కొట్టడానికి క్లబ్బుకు వచ్చే లైసెన్సులు నాలుగే. అడిగేవాళ్లు ఇరవైమంది పైన. ఎవరు వెళ్లాలో డ్రా తీస్తారు. గెలిచిన నలుగురికే మెసేజ్ వస్తుంది. ఆ పద్ధతి మార్చాలా వద్దా అన్నదే ఇవాళ్టి తగువు.

"మార్చి తీరాలి." రాబర్ట్ లేచి నిలబడ్డాడు. "మూడేళ్లుగా పేరు వేస్తున్నాను. మూడేళ్లూ రాలేదు. రాని ప్రతి ఏడాదికీ ఒక పాయింటు ఇవ్వండి. పాయింట్లు ఎక్కువున్నవాళ్లని ముందు పంపండి."

"నేను తొమ్మిదేళ్ల నుంచి ఓడుతున్నా బాబూ," అన్నాడు వెనక వరసలోని ముసలాయన. "నీకంటే ముందు నేనే పోతాను. అప్పటికి విల్లు లాగే ఓపికుంటే."

అందరూ నవ్వారు. రాబర్ట్ కూర్చుంటూ డెబోరాతో తెలుగులో అన్నాడు.

"పాయింట్లు పాసైతే సెక్రటరీ రిజిస్టరు తీసి, ఎవరెన్నిసార్లు ఓడారో అందరి ముందూ చదువుతాడు. నాకు మూడు ఖాయం."

డెబోరా ఒళ్లో ఉన్న కూతురు ఫెబి నుదురు తడిమింది. "ఇంటికెళదామండీ. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది."

"హీటరు పక్కన కూర్చోబెట్టావు, వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా? డాక్టరు చూసి పిల్ల బాగానే ఉందన్నాడుగా. నీకన్నీ భయాలే."

ఆ రిజిస్టరులో రాబర్ట్ పేరు పక్కన ఒక్క ఫారమూ ఉండదని ఆమెకు తెలుసు. ఏటా అతను ప్లాంటుకు షిఫ్టుకు వెళుతూ, "హాలు బాక్సులో వేసెయ్," అని చేతికిచ్చిన ఫారం బాక్సు దాకా వెళ్లలేదు. మూడు ఫారాలూ బంగాళదుంప తొక్కల కింద చెత్తడబ్బాలో పోయాయి.

సెక్రటరీ డెక్లన్ చేతులు ఎత్తమన్నాడు. పాయింట్లు కావాలన్నవాళ్లు పదకొండుమంది. వద్దన్నవాళ్లు పన్నెండుమంది.

స్తోత్రం ప్రభువా, అనుకుంది డెబోరా. "పోనీలెండి, ఇంకో ఏడు చూద్దాం," అంది పైకి.

"నీకేం తెలుసే. తొమ్మిదో క్లాసులో ఆగినదానికి ఓటింగేం అర్థమవుద్ది."

అంతలో అబ్రహాము అంకుల్ లేచాడు. క్లబ్బులో రాబర్ట్ కాక ఉన్న తెలుగాయన ఆయనొక్కడే. నర్సుగా చేసి రిటైరయ్యాడు.

"ప్రతి ఏడూ అరిచేవాళ్లే అరుస్తున్నారు," అన్నాడు. "క్లబ్బులో చేరి రెండేళ్లు నిండినా మొహమాటపడి ఒక్కసారి కూడా పేరు వెయ్యనివాళ్లు ఉంటారు. నాలుగిట్లో ఒక లైసెన్సు వాళ్లకి ఇద్దాం. డ్రాలో ఇప్పటిదాకా పేరు లేనివాళ్లకి."

"ఈయన రెండుసార్లు వెళ్లొచ్చాడు," గొణిగాడు రాబర్ట్. "ఇప్పుడు ధర్మం చెబుతున్నాడు."

హాల్లో చేతులు వరసగా లేచాయి. రాబర్ట్ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సభ్యురాలు కాదు గానీ, డెబోరాకూ చెయ్యెత్తాలనిపించింది. ఒక లైసెన్సు పక్కకు పోతే మిగిలేవి మూడే. ఈసారి ఫారం రాబర్టే స్వయంగా వేసినా, ఆ మేరకు భయం తగ్గుతుంది.

డెక్లన్ రిజిస్టరు తెరిచాడు. వేలితో ఒక్కో పేరూ చూసుకుంటూ రెండు పేజీలు తిప్పాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

"రెండేళ్లు నిండి, ఒక్కసారి కూడా ఫారం ఇవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు," అన్నాడు అయోమయంగా. "రాబర్ట్, మూడేళ్లంటున్నావు. నీ ఫారం ఒక్కటీ మాకు రాలేదే. సరే, ఏదైతేనేం. నాలుగో లైసెన్సు నీదే."

"పాయింట్ల కోసం అరిచినోడికి పాయింటు లేకపోవడమే కలిసొచ్చింది," అన్నాడు ముసలాయన. హాలంతా చప్పట్లు. అబ్రహాము అంకుల్ వచ్చి వీపు తట్టాడు.

రాబర్ట్ నవ్వలేదు. డెబోరా వైపు చూశాడు. ఆమె తల దించుకుని ఫెబి కోటు గుండీలు పెట్టసాగింది. పెట్టినవే మళ్లీ పెట్టింది.

కారులో కూర్చున్నాక అతను తాళం పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"మూడేళ్లు, డెబోరా. మెసేజ్ రాలేదని నేను అన్నం మానేసి కూర్చుంటే, పక్కన కూర్చుని ఓదార్చావు."

"పిల్లకి ఫిట్స్ వస్తే నేనొక్కదాన్నే ఏం చేసేదండీ? మీరు వెళతారని భయమేసి..."

"వెళ్లొద్దని ఒక్కసారి అడిగుంటే ఉండిపోయేవాణ్ణి."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"ఇప్పుడు పోతాను," అన్నాడు రాబర్ట్, కారు స్టార్ట్ చేస్తూ.

సెప్టెంబరు పన్నెండు నుంచి ఇరవై ఒకటి దాకా అతను ఊళ్లో ఉండడు. మీలో ములింగార్ దరిదాపుల్లో ఉన్నవాళ్లు ఆ పది రోజుల్లో ఒక్కసారి వాళ్లింటి తలుపు తట్టి, తల్లీపిల్లా ఎలా ఉన్నారో చూసి రండి. ఆమె ఇంకెవర్నీ ఏమీ అడగదు.