పుష్పవతి పాట

"మూడొందలు," అంది పుష్పవతి.

చీటీలు నడిపే మగ్దలేనమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అటు తిరిగారు. ఈ నెల చీటీ కృష్ణవేణికే వదిలెయ్యాలని అందరూ కలిసి అనుకున్నారు. ఎవరూ పోటీకి పాడొద్దని ముందుగా అన్నది కూడా పుష్పవతే.

"అదేంటే? ఆటలాడుతున్నావా?" నవ్వబోయింది కృష్ణవేణి.

"ఆటలేం కాదు. మూడొందలు వదులుకుని తీసుకుంటా. నాకూ అవసరమొచ్చింది."

"మూడొందల యాభై," అంది కృష్ణవేణి. ఎక్కువ వదులుకున్న వాళ్ళదే చీటీ.

"అయిదొందలు."

రెండు వేల చీటీ అది. అంతకు మించి వదులుకుంటే చేతికొచ్చేది తోట వాయిదాకు చాలదు. కృష్ణవేణి భర్త గంగరాజు చిన్నరసాల తోట ఒకటి గుత్తకు తీసుకున్నాడు. పూత సగం మంచుకు మాడిపోయింది. శుక్రవారంలోగా రెండో వాయిదా కట్టకపోతే ఆసామి తోట ఇంకొకరికి ఇచ్చేస్తాడని ఇంట్లో రోజూ తల పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ సంగతి తెలిసే పక్కింటి సీతమ్మ తన కార్డు బియ్యంలో సగం తెచ్చి వాళ్ళ డబ్బాలో పోసింది. మగ్దలేనమ్మ నెలవారీ చీటీ సొమ్ము తర్వాత ఇద్దువుగాని అంది. "మేం లేమా వేణీ?" అని భుజం తట్టింది పుష్పవతి.

మగ్దలేనమ్మ ఒకటోసారి, రెండోసారి అని ఆగి కృష్ణవేణి ముఖంలోకి చూసింది. కృష్ణవేణి తల దించుకుంది. డబ్బు పుష్పవతి ఒళ్ళో పడింది.

సందు మలుపులో కృష్ణవేణి ఆమె జబ్బ పట్టుకుని ఆపింది.

"ఏం ముంచుకొచ్చిందే నీకు? నీ మొగుడు ఆ ఆసామి తోటలకే కాపలా కాసి నెలనెలా జీతం తెస్తున్నాడు. పిల్లలు సుఖంగా ఉన్నారు. నా నోటికాడ కూడు లాక్కునేంత అవసరమేంటో చెప్పు."

"ఇప్పుడు చెప్పలేనే."

"నా మొహం చూసి మాట్లాడు."

పుష్పవతి చూడలేదు. చెయ్యి విడిపించుకుని గబగబా వెళ్ళిపోయింది.

"ఇంకెప్పుడైనా నీ గడప తొక్కితే నన్ను చెప్పుతో కొట్టు!" కృష్ణవేణి గొంతు చీరుకుపోయేలా అరిచింది. వీధిలో జనం చూస్తున్నారని కూడా ఆమెకు తోచలేదు.

సంగతి విన్న గంగరాజు కాలి దగ్గరున్న బకెట్టును ఒక్క తన్ను తన్నాడు.

"అందుకే చెప్పా, స్నేహాలూ గీహాలూ నమ్మొద్దని," అన్నాడు. తర్వాత మెల్లిగా, "మెళ్ళో నానుతాడు ఇటివ్వు. దాంతోనే ఏదోటి చూస్తా," అన్నాడు.

అది పెళ్ళినాడు తల్లి పెట్టింది. కృష్ణవేణి చెయ్యి మెడ మీదికి పోయింది.

"నేనొచ్చి ఆసామిని నాలుగు రోజులు గడువడగనా?"

"నువ్వు రావొద్దు. పెళ్ళాన్ని పంపించి బతిమాలించాడంటారు. నా పరువేం కావాలి?"

"సరే, రేపిస్తాలే," అంది.

కానీ ఇచ్చే ముందు ఒక్కసారి అడిగి చూద్దామనిపించింది. పరువు ఆయనకు అడ్డమేమో గాని తనకు కాదు. పొద్దున్నే భర్తకు చెప్పకుండా నూజివీడు బస్సెక్కింది. ఆసామి నారాయణరావును ఆమె ఎప్పుడూ చూడలేదు. దారిలో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ వెళ్ళి ఇల్లు పట్టుకుంది.

గేటు తీసేసరికి మెట్లు దిగుతూ పుష్పవతి కనిపించింది. చెవులకు కమ్మల్లేవు. వేపపుల్లలున్నాయి.

కృష్ణవేణి ఒళ్ళు మండిపోయింది. "ఇదా నీ అవసరం? కమ్మలమ్ముకుని మరీ మా తోట మీద పడ్డావా?"

"అరవకు వేణీ. పద, దారిలో చెబుతా."

"ఇక్కడే చెప్పు. తోట తీసుకున్నావా లేదా?"

"తీసుకున్నా."

తనకు పురుడొచ్చినప్పుడు పక్కన కూర్చుని పథ్యం కలిపి తినిపించిన మనిషేనా ఇది? కృష్ణవేణికి ఏడుపు కూడా రాలేదు. మెట్టు మీద అలాగే కూలబడింది.

గొడవ విని నారాయణరావు బయటికొచ్చాడు. "ఏంటమ్మా ఈ రభస? ఎవరు నువ్వు?"

"కృష్ణవేణినండీ. ముసునూరు నుంచి."

"ఓహో, నువ్వేనా? సరిగ్గా వేళకొచ్చావు. ఈ అమ్మాయి తోటకు డబ్బంతా కట్టి కాయితం మాత్రం నీ పేరునే రాయించింది. వేలిముద్ర వేసి పో."

కృష్ణవేణి తెల్లబోయి పుష్పవతి వైపు తిరిగింది. పుష్పవతి కళ్ళనిండా నీళ్ళు. "తర్వాత వేద్దువుగాని, ఇంటికి పద," అంటూ చెయ్యి పట్టుకు లాగుతోంది.

"ఉండవే. అయ్యగారూ, ఆ తోట మా ఆయన తీసుకుందేగా అండీ, గంగరాజు? మళ్ళీ నా పేరున రాయడమేంటండీ?"

"ఇంకెక్కడి గంగరాజు? తోట వద్దు, చింతలపూడిలో కిళ్ళీకొట్టు పెట్టుకుంటామని పోయిన వారమే బయానా వెనక్కి పట్టుకుపోయాడుగా!"

నారాయణరావు ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"గంగరాజు భార్యవి నువ్వా? మరి ఆ రోజు 'మా ఆవిడండీ' అని వెంటబెట్టుకొచ్చిన పిల్లెవరు?"