కింది బేరింగ్

మధుకర్ తన బండి హ్యాండిల్‌ను ఒంటి వేలితో ఇటు నుంచి అటు తిప్పి చూపించాడు.

"చూడన్నా, ఎట్ల తిరుగుతుందో! వెన్న లెక్క."

మెకానిక్ గంగారాం ఛాతీ ఉప్పొంగింది. "మరి? నిన్న గ్రీజు పెట్టిందెవరు?"

"నువ్వే పెట్టినవ్‌లే. తర్వాత ఎదురుంగ అరుగు మీద కూసునే పెద్దాయన విప్పి ఇంకోసారి పెట్టిండు."

ఉప్పొంగిన ఛాతీ బనియన్లో ఎక్కడో దిగిపోయింది.

ఆర్మూర్ పసుపు మార్కెట్ పక్కన పదిహేనేళ్లుగా గంగారాందే మెకానిక్ షాపు. నెల కిందట ఎదురుగా, భీమ్‌రావు సేఠ్ కమీషన్ దుకాణం అరుగు మీదికి ఈ ముసలాయన వచ్చాడు. పేరు దేవయ్య. బోర్డు లేదు. గోనెపట్టా, నాలుగు పానాలు, డీజిల్ గిన్నె, గ్రీజు డబ్బా.

చేసేది ఒక్కటే పని. హ్యాండిల్ బేరింగులకు గ్రీజు పెట్టడం.

అదీ ఉచితంగా.

ధర తగ్గించి పోటీ పడదామంటే, ఉచితం కంటే తక్కువ ధర గంగారాంకు తట్టలేదు.

గంగారాం పై నట్టు విప్పి, కనిపించినంత మేర గ్రీజు పూసి బిగించేవాడు. పావుగంట పని. దేవయ్య ముందు చక్రం, ఫోర్కు అన్నీ దించి, అడుగున దాగిన బేరింగును బయటికి తీసి, కడిగి, అందులోని ఒక్కో ఉక్కు గుండునూ వెలుతుర్లో తిప్పి చూసేవాడు. రెండు గంటలు. గంగారాం దగ్గర రెండు నిమిషాలు ఆగమంటే గంతులేసే మనుషులు అక్కడ చాయ్ తాగుతూ కూర్చునేవారు.

అదే ఎక్కువ మండింది.

"గా ముసలోని తాన ఏమున్నదే?" అన్నాడు భార్యతో, అన్నం ముందు కూర్చుని.

"ఓపిక," అంది స్వర్ణలత, పప్పు వడ్డిస్తూ. "మన షాపుల స్టాక్ లేదు కదా."

మర్నాడు గంగారాం రోడ్డు దాటాడు.

"ఏం పెద్దాయనా, నేను జేసిన బండ్లే దొరుకుతున్నయా నీకు?"

దేవయ్య తలెత్తాడు. "నువ్వు మంచిగనే జేస్తున్నవ్ బిడ్డా. కింది బేరింగ్ కాడికి చెయ్యి పోతలేదు, గంతే."

"కింద ఎవ్వలు జూస్తరు?"

"ఎవ్వలు జూడరు," అన్నాడు దేవయ్య. మళ్లీ తల వంచుకుని పనిలో పడ్డాడు.

గంగారాం నేరుగా భీమ్‌రావు దగ్గరికి వెళ్లాడు.

"సేఠ్, గా ముసలాయన నిగా అంత నీ పసుపు బస్తాల మీదనే ఉంది. జర పైలం."

అసలే సీజను. అరుగు నిండా బస్తాలు. సేఠ్ ముందూ వెనకా చూడలేదు.

"లెవ్వయ్యా, లెవ్వు! ఇంకో జాగ జూసుకో."

దేవయ్య చేతిలో ఉన్న బండిని చివరి నట్టు దాకా బిగించి ఇచ్చాడు. గోనెపట్టా చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గంగారాం రెండు చాయ్‌లు తాగాడు. రెండూ తియ్యగానే ఉన్నాయి.

మూడో రోజు భీమ్‌రావే షాపుకొచ్చాడు.

"గంగారాం, పాపం జేసినమయ్యా. మా గుమస్తాది దొంకేశ్వర్. ముసలాయనది గూడ గదే ఊరంట."

"ఏందట? నిజామాబాద్‌ల పెద్ద మెకానిక్‌గ జేసిండటనా?"

"మెకానిక్ గాదు, ఎవుసం జేసుకునేటోడు. గీ పని మొన్న మొన్ననే నేర్చుకున్నడట."

"గీ వయసులనా? ఎందుకట?"

"పోయిన వానకాలం పోచంపాడ్ మలుపు కాడ హర్ష అని ఒక పోరడు లారీ కింద పడె, యాదికున్నదా?"

"ఉన్నది. మస్తు స్పీడ్ మీద పోయిండన్నరు."

"స్పీడ్ గాదంట. మలుపుల హ్యాండిల్ పట్టేసిందంట."

గంగారాం చేతిలోని పానా కింద పెట్టాడు.

భీమ్‌రావు గొంతు తగ్గించాడు. "నీ తాన గ్రీజు పెట్టించుకొని అప్పటికి మూడు దినాలే అయిందంట గంగారాం; గీ దేవయ్య గా పోరని నాయన."